బుక్కన్న ఉమ్మేసిన నిజం

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ రోజు ఆ కొబ్బరికాయ కొట్టింది నేనే.

ఏ కొబ్బరికాయ, ఎక్కడ, ఎందుకు అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఆ ఒక్క కాయతో నేను ఒక ప్రసిద్ధ వినోదాల పార్కు ప్రారంభోత్సవాన్ని జాతర చేశాను. ఒక కోటీశ్వరుణ్ణి తడి చెడ్డీతో ఆడవాళ్ళ మధ్య కూలదోశాను. మతం మారకుండానే కొన్నాళ్ళు మతం మారాను. నా దోస్తు నోటికాడి కూడు పడగొట్టాను. ఇంత జరిగినా, కాయ కొట్టింది ఎవరని అడిగినప్పుడు మాత్రం నోరు విప్పలేదు. దానికి ఒక కారణం భయం. రెండో కారణం కొబ్బరి. అది తర్వాత చెబుతాను.

పార్కు పేరు మాత్రం చెప్పను. వాళ్ళ దగ్గర మంచి వకీళ్ళున్నారు. మా నల్లగొండ జిల్లా దాటి నగరంలో అడుగుపెట్టే చోట ఉంటుందని, పేరు వినగానే పిల్లలు అమ్మల కొంగు పట్టుకొని గుంజుతారని చెబితే చాలు.

తొంభైలు మొదలైన రోజులవి. నాకు మీసాలు కొత్త, పొగరు పాత. హాలియాలో ఉంటూ, నగరం నుంచి వచ్చే ఒక పిల్లల మాసపత్రికకు బొమ్మల కథలు గీసేవాణ్ణి. నా కథానాయకుడు బుక్కన్న అనే రాక్షసుడు. మా దిక్కు బుక్క అంటే నోటినిండా పట్టే ముద్ద. బుక్కన్నకు వడ్ల గుమ్మి అంత పొట్ట, గుహ అంత నోరు, రెండు కోరపళ్ళు, ఎన్నటికీ తీరని ఆకలి. ఒక నెల ఎడ్లబండి చక్రం మింగేవాడు, ఒక నెల తహసీల్దారు జీపు మింగేవాడు, చివరి బొమ్మలో తేన్చేవాడు. కథ అంతే. అంతకు మించిన కథ నా దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ పిల్లలకు తేన్పులంటే ఇష్టం కాబట్టి బుక్కన్న బతికిపోయాడు, వాడి వెనకే నేనూ.

ఇక్కడ అచ్చు సంగతి ఒకటి మీకు తెలియాలి. ఆ పత్రికలో నలుపు గాక రెండే రంగులు వాడేవాళ్ళు: పసుపు, ఎరుపు. మూడో రంగు అంటే యజమాని గుండె పట్టుకొని కుర్చీలో కూలబడేవాడు. అందుకని నా కథల్లో చెట్లు పసుపు, ఆకాశం పసుపు, ఎద్దులూ పసుపే. బుక్కన్న ఒళ్ళంతా పసుపు, నోరూ నొసలూ ఎరుపు. పసుపు ఒళ్ళు, ఎర్రటి నొసలు, పెద్ద కళ్ళు, కోరపళ్ళు. మా పల్లెల్లో పుట్టినవాడికి ఇంతమాత్రం చెబితే చాలు, ఎవరు గుర్తొస్తారో నేను చెప్పనక్కర్లేదు. కానీ నాకు గుర్తురాలేదు. నేను కళాకారుణ్ణి కదా.

ఒకనాడు పార్కు మేనేజరు జీపులో హాలియా వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. చేతిలో తువ్వాలు, నోట్లో వినయం.

"సైదులు గారంటే మీరేనాండీ? మా సేటుగారి చిన్నబ్బాయి మీ బుక్కన్నని చూపిస్తేగానీ అన్నం ముట్టడండీ. మా పార్కులో నీళ్ళ జారుడుబండ కడుతున్నామండీ. పైనుంచి జారినోళ్ళంతా బుక్కన్న నోట్లోంచి బయటికొచ్చి నీళ్ళల్లో పడాలని సేటుగారి కోరిక."

బుక్కన్న ఇన్నాళ్ళూ మింగడమే గానీ ఉమ్మడం ఎరగడు. అయినా ఒప్పుకున్నాను. ఆ నోట్లోంచి నన్ను ఉమ్మమన్నా ఒప్పుకునేవాణ్ణి.

"బొమ్మ కట్టేవాళ్ళెవరైనా మీ ఎరికలో ఉన్నారాండీ?"

"ఉన్నడు సార్. పెంటన్న."

పెంటన్న గురించి చెప్పాలి. హాలియాలో దుకాణాల బోర్డులు రాసేది అతనే, మేడల మీద సిమెంటు సింహాలు కూర్చోబెట్టేదీ అతనే. అసలు పేరు ఖాజా మియా. అతనికి ముందు పుట్టిన పిల్లలు బతకకపోతే, అతను పుట్టగానే వాళ్ళమ్మ పెంటకుప్ప మీద పడుకోబెట్టి మళ్ళీ ఎత్తుకుంది. అట్లా చేస్తే పిల్లవాడు దక్కుతాడని మా దిక్కు నమ్మకం. సాయిబుల ఇండ్లల్లోనూ ఉంది, మన ఇండ్లల్లోనూ ఉంది. అట్లా ఖాజా మియా ఊరందరికీ పెంటన్న అయ్యాడు. ఇక నా సంగతి. మా అవ్వ దర్గాలో మొక్కుకున్నాక పుట్టాను కాబట్టి నేను సైదులునయ్యాను. ఇంట్లో మాత్రం ఎల్లమ్మకు బోనం తీస్తాం. మా జిల్లాలో ఇది ఎవరికీ వింత కాదు. సైదులు కాయ కొడతాడు, పెంటన్న నమాజు చేస్తాడు, మొహర్రం వస్తే ఇద్దరూ కలిసి పీరీల ముందు అలాయ్ ఆడతారు. గుంటూరు మనిషికి ఈ సంగతి ఎట్లా తెలుస్తుంది? ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. నా బతుకు కొంతకాలం దీని మీదనే నడిచింది.

మేనేజరు పెంటన్నకు మాట ఇచ్చాడు: "ఈ బొమ్మ సేటుగారి మామగారికి నచ్చితే పార్కులో మిగతా బొమ్మలన్నీ నీయేనయ్యా. పెట్టుబడి ఆయనది. ఆయన మెచ్చుకోవాలి, అంతే."

పెంటన్న ఆ మాట నమ్మి హాలియాలో కిరాయి జాగా ఖాళీ చేశాడు. ఎన్నో ఏండ్లుగా కూర్చున్న మూల అది. ఎండకు పరదా, వానకు రేకు, బీడీ కాల్చడానికి రాయి, అన్నీ కుదిరిన మూల. "ఇగ వాపసొచ్చేది లేదురా సైదులూ" అని నిచ్చెన భుజాన వేసుకొని బస్సెక్కాడు.

పని మొదలైంది. ఇనుప చువ్వలు వంచి, తీగల జాలీ కట్టి, పైన సిమెంటు పూసుకుంటూ వచ్చాడు పెంటన్న. నా పని చాప మీద కూర్చొని తప్పులు పట్టడం.

"సైదులూ, గీనె వీపెట్లుంటదిరా?"

"వీపు లేదన్నా."

"వీపు లేకుంట ఎట్లుంటడు?"

"నేనెన్నడూ గీయలే. బుక్కన్న ఎనుకకు తిరగడు."

"తిరగకుంటే పొద్దుగాల చెంబు పట్టుకొని ఎట్ల పోతడు?"

బొమ్మల కథల్లో ఎవరూ చెంబు పట్టుకొని పోరు. చివరికి వీపు ఉండాల్సిన చోట జారుడుబండ గొట్టం దూరేలా పెద్ద బొక్క వదిలేశాడు పెంటన్న. ఆ వీపు బొక్క నుంచి నోటి దాకా లోపలంతా ఖాళీ, బాయిలా ఉండేది. ఒకరోజు అతను వెనక బొక్కలో తల దూర్చి, "ఛాయ్ తెండ్రో!" అని మామూలుగానే అన్నాడు. ముందు దిక్కు బుక్కన్న నోట్లోంచి ఆ మాట ఉరుములా వచ్చింది. ముందర నిలబడి ఉన్న వాచ్‌మన్ కట్టె పారేసి గేటు దాకా ఉరికాడు. ఆ తర్వాత అతను ఆ పక్కకు వచ్చినప్పుడల్లా బుక్కన్నకు ఒక ఛాయ్ పెట్టి పోయేవాడు. మేము పొట్ట పట్టుకొని నవ్వి, ఆ ఛాయ్ తాగేవాళ్ళం.

రంగు దగ్గర గొడవ వచ్చింది.

"జర రంగు మారుద్దాంరా. నీలం కొడదాం. పసుపు ఒళ్ళు, ఎర్ర నొసలు, కోరలు... పోతరాజు లెక్క కొడతాంది."

"ఒక్క చుక్క మార్చినా నేనూకోను. పుస్తకంల ఉన్నట్టే ఉండాలె. పిల్లలు గుర్తుపట్టాలె."

"పిల్లలు గుర్తుపడతరు. పెద్దలు గూడ గుర్తుపడతరు. గదే నా ఫికర్."

"అన్నా, నేను కళాకారుణ్ణి."

"సరే కళాకారుడా, గా నిచ్చెన పట్టుకో."

పసుపే కొట్టాడు. నా మాట కాదనలేక కొట్టాడు. ఈ ముక్క కూడా గుర్తు పెట్టుకోండి. మీకు నేను గుర్తు పెట్టుకొమ్మన్నవన్నీ ఆ రోజు నేను మరిచిపోయినవే.

ప్రారంభోత్సవం నాడు తెల్లవారేసరికి కళ్ళు దిద్దడం ఒక్కటే మిగిలింది. కళ్ళు నేనే దిద్దుతానని పట్టుబట్టాను. దిద్దాను. కిందికి దిగి చూస్తే, బుక్కన్న నన్నే చూస్తున్నాడు. ఎడమకు జరిగితే ఎడమకు చూస్తాడు, కుడికి జరిగితే కుడికి. మా అవ్వ మాట గుర్తొచ్చింది: "బిడ్డా, దేనికన్న కండ్లు పెట్టినవంటే ముందుగాల కాయ కొట్టు. లేకుంటే గది నిన్నే చూసుకుంట కూసుంటది." పెంటన్న అప్పుడు సామాను కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు పోయాడు. నేను బయటి కొట్టుకు ఉరికి కాయ తెచ్చాను. అట్లనే నిమ్మకాయ, ఊదుబత్తీలు, పసుపు, కుంకుమ. బుక్కన్న కాళ్ళ దగ్గర బొట్టు పెట్టి, ఊదుబత్తీలు గుచ్చి, కాయ కొట్టాను. ఒక చిప్ప బుక్కన్నకు పెట్టాను, ఒక చిప్ప నా సంచిలో వేసుకున్నాను. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు మరి.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. కానీ మేనేజరు ఒక తెలివైన పని చేశాడు. పేపరువాళ్ళు ఫొటోలు తీసేటప్పుడు పార్కు నిండుగా కనపడాలని, మర్రిగూడ వైపు ఊర్లకు బస్సులు పంపి, ఊరికే రమ్మన్నాడు. మర్రిగూడ నీళ్ళ సంగతి మా జిల్లాలో అందరికీ తెలుసు. తాగినవాళ్ళ పళ్ళు గోధుమ రంగుకు తిరిగేవి, ఎముకలు వంగిపోయేవి. అక్కడివాళ్ళకు ఊయలలు ఎందుకు, రంగులరాట్నాలు ఎందుకు? పార్కులో తీపి నీళ్ళు పారుతున్నాయని విని బస్సెక్కారు. ఒక్కొక్కరి చేతిలో రెండేసి డబ్బాలు, కొందరి నెత్తిన బిందెలు.

అందరికంటే ముందు లచ్చవ్వ దిగింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. బస్సు దిగి మలుపు తిరిగి, నీళ్ళు ఎటున్నాయని చూసింది. ఎదురుగా పసుపు ఒళ్ళు, ఎర్ర నొసలు, కోరపళ్ళు, కాళ్ళ దగ్గర ఊదుబత్తీల పొగ. తెరిచిన నోట్లోంచి ధారగా తెల్లటి నీళ్ళు.

"అవ్వో!" అని ఆగిపోయింది. "ఓ పిల్లలాలా, చెప్పులిడువుండ్రే! పోతరాజు!"

చెప్పులన్నీ ఒకచోట కుప్పపడ్డాయి. లచ్చవ్వ వంగి, నీళ్ళు దోసిట్లో పట్టి తాగి చూసింది.

"తీపిగున్నయే! స్వామి నోట్లకెల్లి తీపి నీళ్ళొస్తున్నయే!"

మేనేజరు తువ్వాలు ఊపుకుంటూ ఉరికి వచ్చాడు. "అమ్మా, అమ్మా, అది దేవుడు కాదమ్మా! బొమ్మ! బుక్కన్న!"

"బుక్కన్ననా? పేరు గూడ మంచిగున్నది. బుక్కన్న తండ్రీ, మా ఊరికి నీళ్ళియ్యి తండ్రీ!"

"అయ్యో, వాడు పిల్లల పుస్తకంలో రాక్షసుడమ్మా!"

"రాచ్చసుడా?" లచ్చవ్వ నడుము మీద చేయి పెట్టుకుంది. "రాచ్చసుడైతే కాయెందుకు కొట్టిన్రు సారూ?"

మేనేజరు కొబ్బరి చిప్ప వైపు చూశాడు. చిప్ప మేనేజరు వైపు చూసింది. ప్రపంచంలో ఏ వకీలూ దీనికి జవాబు చెప్పలేడు. కాయ కొట్టారంటే దేవుడే. అక్కడ ఇంకొక వాదానికి తావు లేదు.

అదే సమయానికి పైన, జారుడుబండ మొదట్లో, సేటుగారి మామగారు ప్రారంభోత్సవం చేస్తున్నారు. రిబ్బను కత్తిరించి తొలి జారుడు తానే జారాలని ఆయనకు ముచ్చట. భారీ మనిషి. పూల దండ, పూల చెడ్డీ, అంతే. కింద ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. పైన ఏం జరుగుతోందో లచ్చవ్వకు తెలియదు. రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడే సంచిలో చిప్ప తీసి, ముక్క కొరికి బుగ్గలో పెట్టుకున్నాను.

గొట్టంలోంచి గుడగుడమని శబ్దం వచ్చింది. ఆడవాళ్ళంతా చేతులెత్తి మొక్కుతున్నారు. బుక్కన్న నోట్లో నీళ్ళు ఒక్కసారి ఆగాయి. తర్వాత "దబేల్!" మంటూ సేటుగారి మామగారు నోట్లోంచి ఊడిపడి, డబ్బాల మధ్య, బిందెల మధ్య, మొక్కే చేతుల మధ్య వచ్చి బోర్లా పడ్డారు.

లచ్చవ్వ వంగి చూసింది.

"ఉమ్మేసిండు!" అన్నది లచ్చవ్వ. "స్వామి గీనెను ఉమ్మేసిండు! ఏం పాపం చేసినవయ్యా?"

"నేనా? నేను... ఈ పార్కు నాది!" అన్నాడాయన నీళ్ళు కక్కుతూ.

"సూసిన్రా, పాపం ఒప్పుకుంటున్నడు!"

ఆ మాటతో లచ్చవ్వకు పూనకం వచ్చింది. జుట్టు విరబోసుకొని ఊగుతూ, "నా నోట్లకెల్లి చెడ్డీల మీద మనుషులను పంపుతర్రా! నా నీళ్ళు ఊరికియ్యక మీరే తానాలు చేస్తర్రా!" అని అరిచింది. ఈ రెండో మాటలో న్యాయం ఉందని నాకు ఆ గందరగోళంలో కూడా అనిపించింది. ఆడవాళ్ళు నిమ్మకాయలు తెమ్మన్నారు. పేపరువాళ్ళు ఫొటోలు తీశారు. వాచ్‌మన్ ఎక్కడినుంచో వచ్చి బుక్కన్న ముందు సాష్టాంగపడి, "నేను ముందే చెప్పిన, మాట్లాడ్తడని!" అన్నాడు.

మామగారికి తువ్వాలు చుట్టి లోపలికి తీసుకుపోయారు. పోతూ పోతూ ఒక్కమాట అన్నాడు: "ఆ బొమ్మ రేపటికి ఇక్కడ ఉండకూడదు. చేసినవాడూ ఉండకూడదు."

మేనేజరు కొబ్బరి చిప్ప పట్టుకొని మా ఇద్దరి ముందుకు వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"ఎవరు కొట్టారండీ ఈ కాయ? రెండో చిప్ప ఏది?"

రెండో చిప్పలో సగం నా సంచిలో ఉంది. మిగతాది నా బుగ్గలో ఉంది. ఇదే నేను మొదట్లో చెప్పిన రెండో కారణం. మింగుదామంటే గొంతు దిగదు, ఉమ్ముదామంటే దొరికిపోతాను. పెంటన్న నా బుగ్గ చూశాడు. అంతా అర్థమైపోయింది అతనికి. నా నోటి వంకే చూస్తూ నిలబడ్డాడు.

మేనేజరు నా వైపు తిరిగి, తనే సర్దుకున్నాడు. "మిమ్మల్ని అడగడమేంటండీ, క్షమించాలి. సైదులు గారు ముస్లిములు. మీకూ కొబ్బరికాయలకీ సంబంధమేంటి! పెంటయ్యా, నువ్వే కదూ? ఆ పసుపు రంగూ నీ తెలివే కదూ?"

ఖాజా మియా నన్ను చూశాడు. సైదులు కొబ్బరి నమిలాడు.

"అవునాండీ సైదులు గారూ?" అన్నాడు మేనేజరు.

నేను తల ఊపాను.

నోట్లో కొబ్బరి ఉంటే తల ఊపడం తప్ప ఏం చేస్తారు అని చాలా ఏండ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. తల అడ్డంగా కూడా ఊపవచ్చు.

ఆ సాయంత్రమే బుక్కన్నను గొట్టం నుంచి కోసి లారీకి ఎత్తారు. పెంటన్న నిచ్చెన కూడా అందులోనే వేసుకున్నాడు. హాలియాలో ఆ మూల అప్పటికే ఒక చెప్పుల దుకాణం అయిపోయింది. ఎక్కడికి పోతున్నాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. లారీ కదిలేటప్పుడు బుక్కన్న మాత్రం మలుపు దాకా నన్నే చూశాడు. కళ్ళు బాగా దిద్దాను మరి.

నాకేం జరిగిందంటారా? మేనేజరు నన్ను పార్కులోనే ఆర్టిస్టుగా పెట్టుకున్నాడు. పాపం, ధర్మాత్ముడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, "సైదులు గారూ, మీ నమాజుకి టైమైందండీ" అని తనే గుర్తుచేసి పంపేవాడు. నేను పోయి దూరంగా ఛాయ్ హోటల్లో కూర్చొని పాపం లెక్క వేసుకునేవాణ్ణి. తర్వాత రంజాన్ నెల వచ్చింది. మేనేజరు పార్కులో అందరికీ చెప్పేశాడు: "పొద్దున్నుంచి సాయంత్రం దాకా సైదులు గారి ముందు ఎవరూ ఏమీ తినకండి, ఆయనకి ఏమీ పెట్టకండి. పెద్దమనిషి ఉపవాసం." క్యాంటీనువాడు నన్ను చూస్తే షట్టరు దించేవాడు. నీళ్ళ పార్కులో నాకు గుక్కెడు నీళ్ళు లేవు. బుక్కన్నను పుట్టించినవాడికి పగలంతా ఒక్క బుక్క దొరకలేదు. ఒకనాడు తాళలేక జారుడుబండ వెనక దాక్కొని మిరపకాయ బజ్జీ తింటూ మేనేజరుకు దొరికిపోయాను.

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరిలా చేస్తారనుకోలేదండీ సైదులు గారూ," అన్నాడు.

మరునాడే ఉద్యోగం మానేశాను. చేసిన తప్పుకు ఎవరూ పట్టుకోలేదు. చేయని తప్పుకు తలెత్తుకోలేక పారిపోయాను. నల్లగొండ వచ్చి సర్కారు బడిలో డ్రాయింగ్ సారునయ్యాను. పిల్లలకు జామపండు, జెండా గీయడం నేర్పాను. రాక్షసుల జోలికి పోలేదు. ఎప్పుడైనా బస్టాండులో పెంటన్న లాంటి మనిషి కనబడితే చెరుకు రసం బండి చాటుకు నక్కేవాణ్ణి. ఆ రసం బండివాడు నన్ను చెరుకు రసమంటే ప్రాణం పెట్టేవాడనుకున్నాడు.

ఏండ్లు గడిచాయి. ఈ మధ్య ఒకరోజు మా ఆవిడ, "మా చెల్లె బిడ్డకు కాన్పు సుకంగైతే మొక్కు చెల్లిస్తనని మొక్కుకున్న. రేపు బుక్కన్న జాతరకు పోవాలె," అన్నది.

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఏ బుక్కన్న?"

"ఏ బుక్కన్న అంటరేంది? మర్రిగూడ దాపున బుక్కన్న స్వామి. నీళ్ళిచ్చే దేవుడు. ఏ ఊరికో లారీల పోతుంటే ఈడనే ఉంటనని కూసున్నడంట. లారీ ఇంచు కదల్లేదంట."

"డీజిల్ అయిపోయి ఉంటది."

"నోరు కడుక్కోండ్రి!"

పోయాం. బస్సు దిగేసరికి డప్పులు, కోళ్ళు, బోనాలు, గాలిబుడగలు. నడుమ గద్దె మీద కూర్చొని ఉన్నాడు నా బుక్కన్న. అదే పొట్ట, అదే నోరు. నోట్లో ఇప్పుడు కుళాయి బిగించారు, పైపు నీళ్ళు వస్తున్నాయి. ముందర ఒక ముసలాయన పీట మీద కూర్చొని బుక్కన్న కాలి గోళ్ళకు రంగు వేస్తున్నాడు. తెల్ల గడ్డం. చేతిలో అదే కుంచె పట్టు.

తల ఎత్తకుండానే అన్నాడు: "ఎవరూ, సైదులు సాబా? సలాం. రంజాన్ మంచిగైందా?"

ఇన్నేండ్లుగా చెరుకు బండి చాటున నేను తయారు చేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"అన్నా..."

"ఏడికి పోతివిరా? లారీ ఈడ ఆగింది. లచ్చవ్వ గుర్తుపట్టింది, దించమన్నది. దించితే ఎత్తనియ్యలే. నన్ను గూడ పోనియ్యలే, గుడిసె ఏసిచ్చిన్రు. ఇప్పుడు ఏ ఊరోళ్ళకు పోతరాజు కావాలన్నా నా దగ్గరికే వస్తరు. బతికిన తియ్యి. మొదటి రెండేండ్లు మాత్రం జర కష్టమైంది." ఆ చివరి మాట చిన్నగా అన్నాడు. గోరు మీద కుంచె ఆగింది.

"అన్నా, ఆ రోజు నువ్వే చెప్పొచ్చు కద, నేను ఖాజా మియాని అని."

"నేను చెప్తే ఫిర్యాదు అయితది. నువ్వు చెప్తే దోస్తాన అయితది. నువ్వు చెప్తవేమో అని చూసిన. నీ నోరు ఖాళీగ లేకపాయె."

అడగాల్సిన మాట నాలుక దాకా వచ్చి ఆగింది. చుట్టూ జనం, పక్కన మా ఆవిడ. పెంటన్నకు జాలి వేసినట్టుంది.

"నాకు చెప్పుడు కష్టమైతే ఎనుకకు పో. ఆయన వీపుల బొక్క ఉన్నది, యాదికున్నదా? తప్పు చేసినోళ్ళు అండ్ల మెల్లగ చెప్పుకుంటరు. బుక్కన్న మింగేస్తడు. ఎవ్వరికీ తెల్వది."

ఎంత చల్లటి మాట! వెనక్కి పోయాను. ఎవరూ లేరు. బొక్కలో తల దూర్చి, చెవిలో చెప్పినంత మెల్లగా మొదలుపెట్టాను.

"బుక్కన్నా, నేను సైదులును. కాయ కొట్టింది నేనే. పసుపు రంగు కొట్టమన్నది నేనే. రెండో చిప్ప తిన్నదీ నేనే. మేనేజరు నన్ను తురకోడు అనుకుంటే తల ఊపి, పెంటన్న బతుకు రోడ్డు మీద పడేసిన. రంజాన్ల బజ్జీలు తిన్న. ఇంట్ల ఎవరికీ చెప్పలే. పెంటన్నను మాఫ్ అడగడానికి మొఖం లేదు. నువ్వే చెప్పు."

గుండె తేలికైంది. కళ్ళు తుడుచుకొని ముందు దిక్కుకు వచ్చాను.

డప్పులు ఆగిపోయి ఉన్నాయి. జాతరంతా నన్నే చూస్తోంది. బుక్కన్న కూడా.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఛాయ్. వాచ్‌మన్. ఉరుము.

జనంలోంచి ఒక ముసలి గొంతు, ఇప్పటికీ పెద్ద గొంతు, "రెండో చిప్ప నువ్వే తిన్నవారా? స్వామి ప్రసాదం ఎవలు తిన్నరో అని ఇన్నేండ్ల సంది ఎదురు చూస్తున్న!" అన్నది. లచ్చవ్వ. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "గందుకేనా మీరు మిరపకాయ బజ్జీ ముట్టరు?" అన్నది.

"అన్నా, ఎవ్వరికీ తెల్వదంటివి కద!" అన్నాను.

"ఊరోళ్ళు అండ్ల ఏం చెప్పరు. కొత్తోళ్ళనే పంపుతం," అన్నాడు పెంటన్న. "జాతరన్నంక జర సరదా ఉండాలె."

కాబట్టి పాఠక మహాశయులారా, నల్లగొండ జిల్లా వాస్తవ్యుడను, డ్రాయింగ్ సారును అయిన నేను ఇందుమూలంగా ప్రమాణం చేయునది ఏమనగా: ఇకమీదట నేను కళ్ళు దిద్దిన దేనికీ కాయ కొట్టను. కొడితే రెండు చిప్పలూ అక్కడే వదిలేస్తాను. నోట్లో తిండి ఉండగా ఎవరి ప్రశ్నకూ తల ఊపను. వీపు లేని మనిషిని మళ్ళీ గీయను. ఇక, గుండెలో మాట ఏదైనా చెప్పాల్సి వస్తే, ముందు ఆ బొక్క ఎక్కడ తేలుతుందో చూసుకొని చెబుతాను.

ప్రమాణం అయింది. ఇక ఆ రోజు జాతరలో, పెంటన్న మాత్రం ఇంకా పీట మీద నుంచి లేవలేదు. కుంచె నీళ్ళల్లో ముంచి, విదిలించి, నా వైపు చూశాడు. పార్కులో ఆ రోజు చూసిన చూపే.

"బుక్కన్న చెప్పిండు లే," అన్నాడు. "ఆయన నోటితోని అయింది. ఇగ నీ నోటితోని చెప్పు."

ఈసారి నా నోట్లో ఏమీ లేదు.

"కాయ కొట్టింది నేనే, పెంటన్నా. మాఫ్ చెయ్యి."